హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్: ఐ-94 గడువు లోపే అంతా కానివ్వాలంటే (నా అనుభవం)

అమెరికాలో హెచ్-1బీ (ఎంప్లాయర్ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉంటూ, పాస్‌పోర్టులోని వీసా స్టాంపు మీద తేదీ చూసుకుని ధీమాగా ఉండేవాళ్ళు మనలో చాలామంది. ఆ స్టాంపు అమెరికాలోకి రావడానికి మాత్రమే. వచ్చాక ఎన్నాళ్ళు ఉండొచ్చో తేల్చేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. స్టాంపు ఎప్పుడో అయిపోయినా ఐ-94 చెల్లుతుంటే ఇబ్బంది లేదు. స్టాంపుకి ఇంకా ఏడాది ఉన్నా ఐ-94 అయిపోతే స్టేటస్ పోయినట్టే. పాత ఎంప్లాయర్ దగ్గరే ఉంటూ ఒకసారి, ఎంప్లాయర్ మారుతూ ఒకసారి ఎక్స్‌టెన్షన్ చేయించుకున్నాను. రెండుసార్లూ పని సాఫీగా జరిగిందంటే, లెక్కంతా ఐ-94 తేదీ నుంచి వెనక్కి వేసుకోవడం వల్లే. అది కూడా ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా వేసుకోవాలి.

ముందు ఆ తేదీ ఏదో తేల్చుకోండి. విమానం దిగి వచ్చినవాళ్ళ ఐ-94 సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్లో ఉంటుంది. పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. దేశంలో ఉండగానే యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే శాఖ) ఎక్స్‌టెన్షన్ ఇచ్చి ఉంటే ఐ-797ఏ అప్రూవల్ నోటీసు అడుగున చింపుకునే ముక్కగా ఉంటుంది. రెండిట్లో ఏది చివరగా ఇచ్చారో అదే లెక్క. చేతిలో 2028 దాకా అప్రూవల్ ఉన్నా, మధ్యలో ఇండియా వెళ్ళి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆఫీసరు 2027 తేదీ వేస్తే 2027 వరకే ఉండాలి. చాలా కంపెనీల ఇమ్మిగ్రేషన్ టీములు పిటిషన్ (ఎంప్లాయర్ వేసే దరఖాస్తు) గడువునే తమ షీట్లో రాసుకుంటాయి. మీ ఐ-94 తగ్గిన సంగతి మీరు చెబితే తప్ప వాళ్ళకు తెలియదు. ప్రతి ప్రయాణం తరవాతా ఐ-94 ప్రింట్ తీసి హెచ్‌ఆర్‌కి పంపడం అందుకే.

ఈ తేదీ తగ్గడానికి ఎక్కువగా కనిపించే కారణం పాస్‌పోర్టు. పాస్‌పోర్టు గడువు పిటిషన్ కంటే ముందే అయిపోతుంటే ఆఫీసరు ఐ-94ని పాస్‌పోర్టు తేదీకే కట్ చేసే అవకాశం ఉంది. మనవాళ్ళ పిల్లలకు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మైనర్ల ఇండియన్ పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు. తల్లిదండ్రుల పాస్‌పోర్టు పదేళ్ళది. అమ్మానాన్నల ఐ-94 ఒక తేదీ, పిల్లది ఏడాదిన్నర ముందు తేదీ, ఎవరూ గమనించరు. ఇలా తగ్గినదాన్ని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్ళి దిద్దించుకోవచ్చులే అనుకోవద్దు. అక్కడ దిద్దేది ఆఫీసరు పొరపాట్లను. పాస్‌పోర్టు వల్ల తగ్గించినదాన్ని సాధారణంగా పొరపాటు కింద తీసుకోరు. కొత్త పాస్‌పోర్టుతో బయటికి వెళ్ళి రావడమో, గడువు లోపే ఎక్స్‌టెన్షన్ వేయడమో చేయాలి. పాస్‌పోర్టు రెన్యువల్ గడువుకి ఏడాది ముందు నుంచే వీఎఫ్‌ఎస్ ద్వారా చేయించుకోవచ్చు, ఆఖరి నెలల దాకా ఆగకండి. ఎలాగూ ఎక్స్‌టెన్షన్ వేసే రోజుకి పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండి తీరాలి.

ఐ-94లో కొందరికి పిటిషన్ గడువు మీద పది రోజులు ఎక్కువ కనిపిస్తాయి. ఆ పది రోజులు సర్దుకుని వెళ్ళడానికి ఇచ్చినవి, పని చేయడానికి కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

హెచ్-1బీ పిటిషన్ అంటే ఐ-129 ఫారం. దీన్ని వేసేది మనం కాదు, ఎంప్లాయర్. ప్రస్తుత గడువుకి ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు, అంతకంటే ముందు తీసుకోరు. దానికన్నా ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఎల్‌సీఏ (జీతం, పని చేసే చోటు గురించి ఎంప్లాయర్ హామీ ఇచ్చే పత్రం) సర్టిఫై కావాలి. అది ఫ్లాగ్ అనే పోర్టల్లో వేస్తారు, ఏడు పని దినాలు పడుతుంది. ఎల్‌సీఏకీ ఆరు నెలల నిబంధనే. ఎంప్లాయర్ పన్ను నంబరు ఆ సిస్టమ్‌లో ఇంతకు ముందు వెరిఫై కాకపోతే మరికొన్ని రోజులు కలుపుకోండి. కొత్తగా పెట్టిన చిన్న కన్సల్టింగ్ కంపెనీల దగ్గర సాధారణంగా ఇక్కడే ఆలస్యం అవుతుంది.

ఏడు రోజుల పనే కదా, గడువుకి నెల ముందు మొదలుపెడదాం అనుకునేవాళ్ళు 2025 అక్టోబర్‌ని గుర్తు పెట్టుకోవాలి. ప్రభుత్వ షట్‌డౌన్ అక్టోబర్ 1న మొదలైంది, లేబర్ డిపార్ట్‌మెంట్ ఎల్‌సీఏలు ఆపేసింది, నెలాఖరు దాకా పోర్టలే తెరుచుకోలేదు. ఎల్‌సీఏ లేకుండా ఐ-129 వేయలేరు. షట్‌డౌన్ వల్ల ఆలస్యమైతే మన్నించే వెసులుబాటు యూఎస్‌సీఐఎస్‌కి ఉంది కానీ, అది వాళ్ళ విచక్షణ. దాని మీద ఉద్యోగం పెట్టుకుని కూర్చోలేం. నా మటుకు గడువుకి ఎనిమిది నెలల ముందే హెచ్‌ఆర్‌కి మెయిలు పెట్టి, కాగితాలన్నీ ఏడు నెలల ముందుకల్లా అటార్నీకి చేర్చి, ఆరు నెలల కిటికీ తెరుచుకోగానే ఫైల్ అయ్యేలా చూసుకోవడమే పద్ధతి.

ఎల్‌సీఏ సర్టిఫై కాగానే మీకో కాపీ వస్తుంది. సంతకం పెట్టేది ఎంప్లాయరే అయినా అందులో నాలుగు విషయాలు మీరు చదవాలి: ఉద్యోగం కోడ్, వేతన స్థాయి, జీతం, పని చేసే చోటు. ఇబ్బందులు ఎక్కువగా పని చేసే చోటుతోనే. ఇంటి నుంచి పని చేస్తుంటే ఆ ఇల్లు కూడా పని ప్రదేశమే. ఆఫీసు ఉన్న మెట్రో ప్రాంతంలోనే ఇల్లు ఉంటే ఎల్‌సీఏ నోటీసు ఇంట్లో పెడితే సరిపోతుంది. ఆ ప్రాంతం దాటితే, 2015 నాటి సిమియో సొల్యూషన్స్ తీర్పు ప్రకారం, మారకముందే అమెండ్‌మెంట్ (సవరణ) పిటిషన్ వేయాలి. అద్దె తక్కువని రెండు గంటల దూరంలో ఇల్లు తీసుకుని, హెచ్‌ఆర్‌కి చెప్పకుండా ఉండిపోయినవాళ్ళకు ఎక్స్‌టెన్షన్ వేళ చిక్కు వస్తుంది. జీతం చెక్కు మీద కొత్త అడ్రసు, కొత్త రాష్ట్రం పన్ను కోత, పిటిషన్‌లో పాత చోటు. ఆఫీసరు ముందు ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి.

కాగితాలు

పాస్‌పోర్టు, ఇప్పటిదాకా వచ్చిన ఐ-797లు అన్నీ, ఐ-94, డిగ్రీ, మార్కుల మెమోలు, క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (మన డిగ్రీ అమెరికా డిగ్రీకి సమానమనే నివేదిక), ఇటీవలి పే స్టబ్స్, గత రెండు మూడేళ్ళ డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్నుల పత్రాలు), రెజ్యూమే. ఇవి ఎవరైనా అడుగుతారు. 2025 జనవరి 17న అమల్లోకొచ్చిన హెచ్-1బీ కొత్త నిబంధనలు ఒక సంగతి తేటగా చెప్పాయి: ఎక్స్‌టెన్షన్ అడిగేవాళ్ళు ఇప్పటిదాకా స్టేటస్ సరిగ్గా నిలుపుకున్నట్టు రుజువులు పిటిషన్‌తోపాటే ఇవ్వాలి. కాబట్టి పే స్టబ్స్ విషయంలో పిసినారితనం వద్దు.

డబ్ల్యూ-2 దగ్గర ఒక చిక్కు. ఎల్‌సీఏలో జీతం లక్షా పదివేల డాలర్లు ఉందనుకోండి, డబ్ల్యూ-2 ఒకటో బాక్సులో తొంభై అయిదు వేలే కనిపిస్తుంది. తక్కువ జీతం ఇచ్చారేమో అన్న అనుమానంతో అక్కడే ప్రశ్న వస్తుంది. నిజానికి 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో వేసుకున్నదీ, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కిందా కోత పడ్డదీ ఒకటో బాక్సులోకి రావు. అయిదో బాక్సులో 401(కె) సొమ్ము కలిసే ఉంటుంది కానీ, ఇన్సూరెన్స్ కోత మాత్రం అక్కడా కనిపించదు. డిసెంబర్ చివరి పే స్టబ్ జత చేస్తే సరిపోతుంది. ఏడాది మొత్తం ఎంత ఇచ్చారో, దేనికెంత కోశారో అందులో వరసగా ఉంటుంది. ఏడాది మధ్యలో చేరినా, ప్రసూతి సెలవులాంటివి జీతం లేకుండా తీసుకున్నా, ఆ నెలలకు హెచ్‌ఆర్ ఉత్తరం పెట్టించండి. సెలవు కాకుండా ప్రాజెక్టు లేదని జీతం ఆపి ఉంటే ఏ ఉత్తరమూ కాపాడదు. బెంచ్ మీద ఉన్నా ఎల్‌సీఏ జీతం ఇచ్చి తీరాలన్నది చట్టం.

డిగ్రీ దగ్గర మనవాళ్ళు చేసేది, ప్రొవిజనల్ సర్టిఫికెట్టు స్కాన్ పంపి ఊరుకోవడం. మొదటి పిటిషన్‌లో గడిచిపోయి ఉండొచ్చు. జేఎన్‌టీయూలో చదివి ఏళ్ళు గడిచినా ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) తెచ్చుకోనివాళ్ళు ఎంతమందో. కన్సాలిడేటెడ్ మెమోతో పాటు ఓడీ కూడా తెప్పించుకుని ఉంచుకుంటే ఎక్స్‌టెన్షన్‌కీ, రేపు గ్రీన్ కార్డుకీ కూడా పనికొస్తుంది.

పేరు సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లో ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఐ-94లో అదే ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా, డిగ్రీలో ఇంకొకలా ఉంటుంది. పాస్‌పోర్టు రెన్యువల్‌లో ఇంటిపేరు విడదీయించుకున్నా, పాత ఐ-94తో అది కలవదు. ఏ కాగితంలో ఏ పేరు ఉందో అటార్నీకి ముందే ఒక పేజీలో రాసిచ్చేయండి. ఐ-129లో వాడిన ఇతర పేర్లకు చోటు ఉంది, అక్కడ అన్నీ రాయాలి. అప్రూవల్ మీద ఎలా పడుతుందో తరవాత లైసెన్సు ఆఫీసులో అదే అడుగుతారు.

వెండర్ల (మధ్యవర్తి కంపెనీల) ద్వారా పని చేసేవాళ్ళకి అన్నిటికంటే బరువైన కాగితం క్లయింట్ లెటర్. క్లయింట్ లెటర్‌హెడ్ మీద మీ పేరు, హోదా, చేసే పని వివరంగా, ఆ పనికి ఏ డిగ్రీ కావాలి, ఎక్కడ పని, ప్రాజెక్టు ఎంతకాలం ఉండేలా ఉంది, మధ్యలో ఏయే వెండర్లు ఉన్నారు అన్నవి ఉండాలి. "ఫలానావారు మా దగ్గర కాంట్రాక్టర్‌గా ఉన్నారు" అని రెండు లైన్లు రాసిస్తే లేనట్టే లెక్క. పెద్ద బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు అసలు ఇవ్వకూడదని విధానంగా పెట్టుకుంటాయి. అప్పుడు వర్క్ ఆర్డర్, స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్, మేనేజర్ ఆమోదించిన టైమ్‌షీట్లు, క్లయింట్ బ్యాడ్జి ఫోటో, క్లయింట్ మెయిల్ ఐడీ మీద పనికి సంబంధించిన మెయిళ్ళలో రహస్యాలు మూసేసిన కాపీలు, తోటి ఉద్యోగి అఫిడవిట్ కలిపి ఒక కట్టగా పెట్టాలి. విడివిడిగా ఏదీ చాలదు, కలిపితే బలం ఉంటుంది. క్లయింట్ మేనేజర్‌ని అడగడం మాత్రం మనమే చేయాలి. వెండర్ ద్వారా అడిగించిన ఉత్తరం వెండర్ ఇన్‌బాక్సులోనే ఆగిపోవడం మామూలే.

డబ్బు ఎవరిది, ఎంత

2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-129 ఫీజు 780 డాలర్లు. ఫుల్‌టైమ్ ఉద్యోగులు 25 మంది లేదా అంతకంటే తక్కువ ఉన్న కంపెనీలకీ, లాభాపేక్ష లేని సంస్థలకీ 460. అసైలం ప్రోగ్రామ్ ఫీజు అని 600, చిన్న కంపెనీలకు 300. శిక్షణ ఫీజు 1,500, చిన్న కంపెనీలకు 750. ఈ చివరిది అదే ఎంప్లాయర్ దగ్గర మొదటి ఎక్స్‌టెన్షన్‌కి ఉంటుంది, రెండోదానికి ఉండదు. అంటే పెద్ద కంపెనీకి మొదటి ఎక్స్‌టెన్షన్ 2,880, రెండోది 1,380. ఎంప్లాయర్ మారితే మోసాల నిరోధక ఫీజు 500 అదనం. త్వరగా తేల్చమని కట్టే ప్రీమియం ప్రాసెసింగ్ ఫీజు 2024 ఫిబ్రవరిలో 2,805 అయింది. ధరల పెరుగుదలను బట్టి దాన్ని సవరిస్తుంటారు కాబట్టి, ఫైల్ చేసే రోజు యూఎస్‌సీఐఎస్ ఫీజుల పేజీ చూసుకోండి.

పిటిషన్ ఫీజు, అటార్నీ ఫీజు ఎంప్లాయర్ ఖర్చే. శిక్షణ ఫీజునైతే ఏ రూపంలోనూ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. "సగం నువ్వు పెట్టుకో, జీతంలో సర్దుతాం" అనే ఎంప్లాయర్లు ఉన్నారు. వాళ్ళకు ఒప్పుకుంటే నికర జీతం ఎల్‌సీఏ కంటే కిందికి పోతుంది, అది మీ స్టేటస్ రుజువుల మీదే పడుతుంది. ప్రీమియం మాత్రం మీ సొంత అవసరం కోసమైతే, అంటే ప్రయాణం ఉందనో లైసెన్సు అయిపోతోందనో అయితే, మీరు కట్టొచ్చు.

2025 అక్టోబర్ 28 నుంచి యూఎస్‌సీఐఎస్ పేపర్ ఫైలింగులకు చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. కార్డుకి జి-1450, బ్యాంకు ఖాతాకి జి-1650 ఫారం పెట్టాలి. కార్డు లిమిట్ చాలక ఫీజు తిరస్కారమైతే ప్యాకెట్ మొత్తం వెనక్కొస్తుంది. ఫీజు తప్పినా, సంతకం లేకపోయినా, ఫారం పాత ఎడిషన్ అయినా అంతే. తిరిగొచ్చిన ప్యాకెట్‌కి రిసీట్ తేదీ ఉండదు, మళ్ళీ పంపింది వాళ్ళకు చేరిన రోజే లెక్క. ఐ-94కి నాలుగు రోజుల ముందు పంపిన ప్యాకెట్ ఇలా వెనక్కొస్తే, మళ్ళీ చేరేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. గడువు దాటాక వేసిన ఎక్స్‌టెన్షన్ అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప ఇవ్వరు. ఆరు నెలల ముందు వేయమనడానికి అసలు కారణం ఇదే.

కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి అడగనివాళ్ళు లేరు. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన ఆ ఉత్తర్వు, యూఎస్‌సీఐఎస్ అక్టోబర్ 20న ఇచ్చిన వివరణ ప్రకారం, దేశంలో స్టేటస్‌తో ఉండి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకునేవాళ్ళకు వర్తించదు. కానీ ఆ వివరణలోనే ఒక మెలిక ఉంది. ఎక్స్‌టెన్షన్‌కి అర్హత లేదని, అంటే స్టేటస్‌లో లేరని తేలితే అప్పుడు ఆ ఫీజు కట్టాల్సి వస్తుంది. పూర్వం గడువు దాటితే పిటిషన్ వేయించుకుని, బయటికి వెళ్ళి స్టాంపింగ్‌తో తిరిగి రావడం అనే దారి ఉండేది. ఇప్పుడు ఆ దారి ఏ ఎంప్లాయరూ మోయలేని ధర అయింది.

వేశాక, వచ్చేలోపు

రిసీట్ నోటీసు ఐ-797సీ వస్తుంది, నంబరు ఇప్పుడు ఎక్కువగా ఐఓఈతో మొదలవుతుంది. ప్రీమియం అయితే పదిహేను పని దినాల్లో ఏదో ఒక కబురు: అప్రూవల్, ఆర్‌ఎఫ్‌ఈ (మరిన్ని రుజువులు అడిగే నోటీసు), తిరస్కారం, ఏదైనా కావచ్చు. శని, ఆది, ఫెడరల్ సెలవులు లెక్కలోకి రావు కాబట్టి క్యాలెండరులో మూడు వారాలు. మామూలు పద్ధతిలో వేసి, తరవాత ఎప్పుడైనా ప్రీమియంకి మార్చుకోవచ్చు.

అదే ఎంప్లాయర్ దగ్గర, గడువు లోపే వేస్తే, ఐ-94 అయిపోయినా 240 రోజుల దాకా పని చేయొచ్చు. లెక్క ఐ-94 అయిపోయిన మర్నాటి నుంచి, రిసీట్ తేదీ నుంచి కాదు. మధ్యలో తిరస్కరిస్తే ఆ క్షణమే పని ఆపాలి. 240వ రోజు దాటినా అంతే, పిటిషన్ పెండింగ్‌లో ఉన్నా సరే. ఐ-9లో (పని అర్హత నమోదు చేసే ఫారం) హెచ్‌ఆర్ అదనపు సమాచారం గడిలో 240 రోజుల పొడిగింపు అనీ, ఐ-129 వేసిన తేదీ ఏదో కూడా రాయాలి. ఇది తెలియని హెచ్‌ఆర్‌లు ఉద్యోగిని అన్యాయంగా సెలవులో పంపిన సందర్భాలు ఉన్నాయి. ఎంప్లాయర్ మారేటప్పుడు వర్తించేది ఇది కాదు, పోర్టబిలిటీ. కొత్త ఎంప్లాయర్ పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కి చేరినప్పటి నుంచి అక్కడ పని మొదలుపెట్టొచ్చు. ఐ-94 అయిపోయాక, పెండింగ్ పిటిషన్ మీద ఇంకో ఎంప్లాయర్‌తో ఇంకో పిటిషన్ వేయడం మాత్రం ప్రమాదం. మొదటిది పడిపోతే రెండోదీ దాంతోపాటే కూలుతుంది. అందుకే ఎంప్లాయర్ మారేవాళ్ళు ప్రీమియం కట్టించుకోమని గట్టిగా చెబుతాను. అదే కంపెనీలో, అదే పనిలో, గడువుకి అయిదారు నెలలు ఉండగా వేసినవాళ్ళకి అంత తొందర లేదు.

పెండింగ్‌లో ఉండగా దేశం దాటకండి. పిటిషన్ అప్రూవ్ అయినా ఎక్స్‌టెన్షన్ భాగం పోయి ఐ-94 లేని ఐ-797బీ వచ్చే అవకాశం ఉంది. డ్రైవింగ్ లైసెన్సు మీద సాధారణంగా ఐ-94 తేదీయే ఉంటుంది. రిసీట్ చూపిస్తే కొన్ని రాష్ట్రాలు కొంతకాలానికి ఇస్తాయి, కొన్ని అప్రూవల్ తెమ్మంటాయి. కారు లేకుండా గడవని ఊళ్ళో ఉంటే, ప్రీమియంకి ఇది ఒక్కటే చాలినంత కారణం.

ఆర్‌ఎఫ్‌ఈ వచ్చిందంటే కంగారు పడక్కర్లేదు, కానీ దాన్ని మీరు స్వయంగా చదవాలి. ఎంప్లాయర్ కాపీ ఇవ్వనంటే పట్టుబట్టి అడగండి. ఎక్కువగా వచ్చేవి మూడు: ఈ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ ఎందుకు తప్పనిసరి, క్లయింట్ దగ్గర నిజంగా పని ఉందా, స్టేటస్ నిలుపుకున్నారా. జవాబుకి గరిష్ఠంగా 84 రోజులు, పోస్టులో వస్తే ఇంకో మూడు. ఒక్కసారే జవాబివ్వాలి, సగం ఇప్పుడు, సగం తరవాత అంటే కుదరదు. ప్రీమియంలో జవాబు అందిన రోజు నుంచి పదిహేను రోజులు మళ్ళీ మొదలవుతాయి. డిగ్రీ ప్రశ్నకు "డిజైన్, డెవలప్, టెస్ట్" అని ఎక్కడైనా అతికే వాక్యాలు పనికిరావు. ఏ పనికి వారంలో ఎంత శాతం సమయం, ఆ పనికి మీరు చదివిన ఏ సబ్జెక్టు ఎలా వాడతారు అన్నది పట్టికలా రాయాలి. ఇది అటార్నీ రాయలేడు, పని చేసేవాళ్ళే రాసివ్వాలి. అదే ఎంప్లాయర్, అదే వాస్తవాలు అయితే ఇదివరకటి అప్రూవల్‌కి విలువ ఇవ్వాలన్న సూత్రం 2025 నిబంధనల్లో చేరింది కాబట్టి, మునుపటి పిటిషన్ కాపీ మీ దగ్గర ఉండటం చాలా మేలు. ఉద్యోగం మారేటప్పుడు దాన్ని అడిగి తెచ్చుకోండి.

భార్య లేదా భర్త, పిల్లలు

ఐ-129 మీ ఒక్కరికే. హెచ్-4 (మీ మీద ఆధారపడ్డవాళ్ళ స్టేటస్)లో ఉన్నవాళ్ళకి ఐ-539 అనే ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు వేరుగా వేయాలి. మీకు అప్రూవల్ వచ్చినంత మాత్రాన వాళ్ళ ఐ-94 పెరగదు. ఫీజు కాగితం మీద 470, ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, మొత్తం కుటుంబానికి ఒకటే. కాగితం మీద వేస్తే ఒకరు ప్రధాన దరఖాస్తుదారు, మిగతా ఒక్కొక్కరికీ ఐ-539ఏ. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల తరఫున తల్లో తండ్రో సంతకం చేయొచ్చు, ఆపైన పిల్లలే చేయాలి. హెచ్-4 ఐ-539కి ప్రీమియం లేదు. ఐ-129తో కలిపి వేస్తే కలిపే చూస్తామని 2023 జనవరిలో యూఎస్‌సీఐఎస్ ఒక కోర్టు కేసులో ఒప్పుకుంది. ఆ ఒప్పందం 2025 జనవరి 18తో అయిపోయింది. ఇప్పుడు కలిపి చూడొచ్చు, చూడకపోవచ్చు.

పెళ్ళి సర్టిఫికెట్టు, పుట్టిన సర్టిఫికెట్టు తెలుగులోనే ఉంటే మొత్తం అనువాదం జత చేయాలి. రెండు భాషలూ వచ్చునని, అనువాదం సరైనదని అనువదించినవారు రాసి, సంతకం చేసి, పేరు, అడ్రసు, తేదీ ఇస్తే చాలు.

హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేసేవాళ్ళకు దెబ్బ గట్టిగానే తగిలింది. గడువు లోపే రెన్యువల్ వేస్తే 540 రోజుల దాకా ఆటోమేటిక్ పొడిగింపు ఉండేది, హెచ్-4 ఐ-94 ఉన్నంతవరకు. 2025 అక్టోబర్ 30న గానీ ఆ తరవాత గానీ వేసినవాటికి అది లేదు. కార్డు తేదీ అయిపోతే పని ఆపాలి. హెచ్-4 రాకుండా ఈఏడీ రాదు, హెచ్-1బీ రాకుండా హెచ్-4 రాదు. ఇంట్లో ఇద్దరి జీతాలున్నప్పుడు ఐ-129ని ఆరు నెలల ముందు ప్రీమియంలో వేసి, దాంతోపాటే ఐ-539, ఈఏడీ కోసం ఐ-765 పంపడం తప్ప మెరుగైన ఉపాయం కనపడదు. అప్పటికీ మధ్యలో ఖాళీ రావచ్చు, ఇంటి బడ్జెట్‌లో దానికి చోటు పెట్టుకోండి.

ఆరేళ్ళ లెక్క

హెచ్-1బీ మూడేళ్ళ చొప్పున మొత్తం ఆరేళ్ళు. బయటి దేశంలో గడిపిన పూర్తి రోజులు అందులోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ అడిగితేనే ఇస్తారు, రుజువులు మనమే చూపాలి. బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రలు దాచిపెట్టండి. ఐ-140 (ఎంప్లాయర్ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో వంతు) రాని ఇండియావాళ్ళకి ఆరేళ్ళ తరవాత కూడా మూడేళ్ళ చొప్పున ఇస్తారు. ఐ-140 ఇంకా అప్రూవ్ కాకపోయినా పెర్మ్ (ఐ-140కి ముందు కావలసిన లేబర్ సర్టిఫికేషన్) గానీ ఐ-140 గానీ వేసి 365 రోజులు దాటితే ఏడాది చొప్పున. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు గడిచాక పాత ఎంప్లాయర్ వెనక్కి తీసుకున్నా ఎక్స్‌టెన్షన్‌కి పనికొస్తుంది. అందుకని ఐ-140 నోటీసు కాపీ కోసం కంపెనీని ఉద్యోగంలో ఉండగానే అడగాలి. ఆరో ఏడు సగం గడిచాక పెర్మ్ మొదలుపెట్టిస్తే ఈ తలుపులు సమయానికి తెరుచుకోవు.

అప్రూవల్ వచ్చాక

ఐ-797ఏ చేతికి రాగానే పేరు స్పెల్లింగ్, పుట్టినతేదీ, నోటీసు పై భాగంలోని తేదీలు, అడుగు ముక్కలోని ఐ-94 నంబరు, తేదీ, అన్నీ పాస్‌పోర్టు పక్కన పెట్టి చూడండి. అచ్చుతప్పు ఉంటే యూఎస్‌సీఐఎస్‌కి దిద్దుబాటు అభ్యర్థన పెట్టడం అప్పుడే తేలిక. పాత ఐ-94 నంబరు, కొత్త ముక్కలోని నంబరు ఒకటే ఉండటం మామూలే. తరవాత ఐ-9, లైసెన్సు.

స్టాంపు కూడా అయిపోయి ఉంటే తరవాతి ప్రయాణాన్ని ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బీకి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా స్టాంపింగ్) దాదాపు పోయింది, హైదరాబాద్ కాన్సులేట్‌లోనైనా ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిందే. స్వదేశంలోనో నివాస దేశంలోనో వేసుకోమంటున్నారు కాబట్టి పక్క దేశంలో స్టాంపింగ్ మాట మరిచిపోవాలి. డిసెంబర్ 15 నుంచి సోషల్ మీడియా పరిశీలన మొదలయ్యాక ఇండియాలో ఎంతోమంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి, సెలవుకి వెళ్ళినవాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు.

స్టాంపు పాత పిటిషన్‌ది అయినా గడువు ఉంటే దాంతోనే రావొచ్చు. పాత ఎంప్లాయర్ పేరు దాని మీద ఉన్నా ఫర్వాలేదు. అయితే కౌంటర్ దగ్గర పాస్‌పోర్టుతోపాటు కొత్త ఐ-797 అసలు కాపీ తెరిచి ముందుకు జరపండి, అడిగేదాకా ఆగకండి. స్టాంపు మీద ఉన్న పాత పిటిషన్ తేదీయే ఐ-94లో వేసేయడం తరచూ జరుగుతుంది. బ్యాగేజీ దగ్గర నిలబడ్డప్పుడే ఫోన్లో ఐ-94 తీసి, కుటుంబంలో ప్రతి ఒక్కరిదీ చూడండి. తేదీ తప్పుగా ఉంటే ఎయిర్‌పోర్టు దాటకముందే అడగొచ్చు. వెబ్‌సైట్లో ఇంకా ఎక్కకపోతే మర్నాడు మళ్ళీ చూసి, దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి ఐ-797 కాపీతో మెయిలు పెట్టండి.